తీగపాకం

లాడా కారుకి ఇంక వానతో పని లేదు.
దాని వైపర్ మోటారు ఇప్పుడు
మా ఎనిమిదో నంబరు గరాజులో
బల్లకి బిగించి ఉంది.

ఫిజిక్స్ మాస్టారు జుంబేర్ తెచ్చాడు దాన్ని
గుడ్డలో చుట్టి, దొంగిలించిన కోడిని తెచ్చినట్టు.
నిజానికి సిసినో ఇచ్చిందే.
వలికో పోయాక ఆ కారు కదల్లేదు.
"లమారా, లేతు మీద ముప్ఫై ఏళ్ళు నిలబడ్డావు,
నాకో రంధ్రం చేసిపెట్టు."
ఎంత?
"ఒకటీ పాయింట్ ఏడు మిల్లీమీటర్లు."
ఇంతేనా అనుకున్నాను.
మా ఎండాకాలమంతా ఆ రంధ్రంలోంచే దూరిపోయింది.

కుతాయిసిలో ట్రక్కుల ఫ్యాక్టరీ మూతబడ్డాక
నా వేళ్ళని కొలత అడిగినవాళ్ళు లేరు.
కూరలమ్మి కూడా కాటానే నమ్ముతుంది.

సీసాలకేం, కొదవ లేదు.
మా ఊళ్ళో పెళ్ళయినా సోడా, చావయినా సోడా,
తర్హూన్ ఆకు వాసనేసే పచ్చ సోడా.
లేబులు ఊడుతుంది గానీ జిగురు పోదు,
పెళ్ళయిపోయినా కదలని చుట్టంలా.
గుక్కెడు నీళ్ళు పోసి, మూత బిగించి
సెగ మీద తిప్పితే
నొక్కులన్నీ పోయి పూరీలా పొంగుతుంది సీసా.
అడుగు కోసి, రెండు బేరింగుల మధ్య బ్లేడుకి అందిస్తే
బత్తాయి తొక్క తెగకుండా వలిచినట్టు
ఒకే ఒక్క పచ్చ రిబ్బను.

ఆ రిబ్బను వేడి ముక్కులో దూరి
ముడుచుకుని, సన్నబడి
అవతల పోగై రావాలి.
రాలేదు.
లేతపాకమైతే సాగి సాగి తెగింది.
ముదిరితే ముక్కులోనే బిగిసి పొగ.
జుంబేర్ డిగ్రీలన్నీ నోటుబుక్కులో రాశాడు,
రెండువందల ఐదు, పది, పదిహేను,
పక్కన తిట్లు కూడా.
నేను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూశాను.
ద్రాక్షరసం కాచి
అక్రోటు దండలు ముంచే రోజుల్లో
మా అమ్మ ఇలాగే చూసేది.
"ఇంకొంచెం" అన్నాను.
ఎంత కొంచెం అంటాడాయన.
కొంచెమంటే కొంచెమే.

పద్దెనిమిదో సీసాకి తీగపాకం కుదిరింది.
కండె మీద పచ్చగా చుట్టుకుంటూ పోతున్న దాన్ని
ఇద్దరం నోరెత్తకుండా చూశాం.
పంతొమ్మిదో సీసా సగంలో
మోటారు గేరు పళ్ళు రాలగొట్టుకుంది.
బజారంతా తిరిగాం, దొరకలేదు.
ఉన్న పోగంతా బడి ప్రింటరుకి పెట్టి
ముప్ఫై ఎనిమిది పళ్ళ గేరు దింపాడు జుంబేర్.
తాను తీసిన నూలుతో
తన పళ్ళు తానే కట్టించుకుంది ఆ ముసలి మోటారు.
ఏ డాక్టరుకీ ఫీజివ్వకుండా.

ఆ తర్వాత సీసా చాలకపోతే సీసా అతికించాం.
లైటరు సెగకి కొసా కొసా కలిపి
ఉబ్బిన చోట ఆకురాయితో అరగదీసి.
జుంబేర్ మేనకోడలి పెళ్ళి సీసా అయిపోయిన చోట
వలికో దినం నాటి సీసా మొదలయింది.
అతుకు నాకు తెలుసు.
గోటితో తడిమితే తెలుస్తుంది.
చూపుకి అందదు.

సిసినో ఏమీ అడగదనుకున్నాం.
ఒక సాయంత్రం గడపలో నిలబడి
"కారు కిటికీ తిప్పే పిడి విరిగిపోయింది" అంది.
నడవని కారుకి కిటికీ ఎందుకని
జుంబేర్ అడగబోతే కాలు తొక్కాను.

తొమ్మిది గంటలు పట్టింది పిడికి.
పచ్చటి పిడి, అంచు కాస్త గరుకు.
నేనే తీసుకెళ్ళి బిగించాను.
డ్రైవరు పక్క సీటులో కూచుంది సిసినో.
ఎప్పుడూ తను కూచునే సీటట.
రెండు చుట్లు తిప్పింది, కిర్రుమంటూ అద్దం దిగింది.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి.
ముందు అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి, తుడిచే చెయ్యి లేదు.
"లోపలికి జల్లు కొడుతోంది" అన్నాను.

"కొట్టనీ" అంది,
పిడి వదలకుండా.